చీమల వాటా

అసిరమ్మ ఆ ప్యాకెట్టుని చేతిలోకి తీసుకుంది. ఒకసారి ఇటు తిప్పింది, ఒకసారి అటు తిప్పింది, వేడి గిన్నె పట్టుకున్నట్టు గభాలున అరుగు మీద పెట్టేసింది. ముంజేతుల దాకా మామిడి రసం. కొంగుకి తుడుచుకోవడం కూడా మరిచిపోయింది.

“మీదేనా అమ్మా ఇది?” అని అడిగింది శ్రీలలిత.

“తెల్దు,” అంది అసిరమ్మ.

నలభై ఏళ్ళుగా తాండ్ర పోస్తున్న మనిషి. వాసన చూసి ఏ తోట కాయో చెప్పే మనిషి. అలాంటిది, తాండ్ర ముక్క చేతిలో పెడితే తెలీదంది. పక్కనే చాప మీద రసం పరుస్తున్న తోడికోడలు వెంకటలక్ష్మి తలెత్తి చూసింది. ఆ చూపు చాలాసేపు అక్కడే ఉంది.

శ్రీలలిత విజయనగరం పిల్లే. సంగీతం మాస్టార్ల ఇంట్లో పుట్టింది, పాట ఒంటబట్టలేదు, లా చదువుకుంది. ఇప్పుడు చేసే ఉద్యోగం కొంచెం చిత్రమైనది. ఊరి పేరుతో పిలిచే తిండి వస్తువులు ఉంటాయి కదా, ఆ పేర్లని పరాయి దేశాల్లో ఎవరూ వాడేసుకోకుండా చూసే ప్రభుత్వ బృందంలో పని. మన దేశానికీ, సముద్రం అవతల ఒక దీవి దేశానికీ వ్యాపార ఒప్పందం మాటలు నడుస్తున్నాయి. అలా మాట్లాడుకునేటప్పుడు రెండు వైపులవాళ్ళూ చెరో జాబితా పెడతారు, ఈ పేర్లు మావి, మీ వాళ్ళెవరూ వీటిని ముట్టుకోకూడదు అని. మన జాబితాలోకి నాగళ్ళవలస తాండ్ర ఎక్కింది. ఎక్కిందని తెలిసిన రోజున ఊళ్ళో మైకు పెట్టి, మామిడిపళ్ళ కంటే ఎక్కువ మిఠాయి పంచారు.

ఇప్పుడు దీవి వాళ్ళు కుదరదంటున్నారు. ఈ పేరు నూరేళ్ళకి పైగా మా దగ్గర ఉంది, ఇదిగో మా ప్యాకెట్టు, ఇదిగో మా తాతల నాటి రేకు డబ్బా ఫోటో అని కాగితాలు పంపారు. ప్యాకెట్టు మీద ఇంగ్లీషు అక్షరాల్లో రాసి ఉన్నది ఈ ఊరి పేరే. ఈ తీరం నుంచి ఓడలెక్కి చెరుకు తోటల్లో పనికి పోయినవాళ్ళ మునిమనవలు ఆ దేశంలో ఉన్నారు. ఎవరు పట్టుకుపోయారో, ఏ మూటలో కట్టుకుపోయారో, తాండ్ర వాళ్ళతో పాటు ఓడెక్కింది. అదంతా శ్రీలలితకి అర్థమయ్యే ఉంది. ఆమెకి అర్థం కానిది ఒక్కటే.

ఆ దీవి తాండ్రకి ఒక మూల ఉండదు.

చక్కగా నలుపలకలుగా ఉన్న ముక్కకి ఒక మూల మాత్రం కత్తితో తీసేసినట్టు ఉంటుంది. పాత డబ్బా మీది బొమ్మలోనూ అంతే. దీవి వాళ్ళ వాదన అంతా ఆ మూల మీదే నడుస్తోంది. మూల కోయడం మా పద్ధతి, ఆ ఊరివాళ్ళు రాసిచ్చిన కాగితంలో ఆ మాటే లేదు, కాబట్టి మా తాండ్ర వేరు, పాతది మాది, పేరూ మాదే అంటున్నారు. మన దగ్గర చూస్తే పాత కాగితం ఒక్కటి లేదు. వాళ్ళ దగ్గర డబ్బా ఉంది.

ఆ మూల కోయడం ఈ ఊరిదే అని తేలిందంటే, ఆ డబ్బాయే మన తరఫున సాక్ష్యం చెప్పినట్టు అవుతుందని శ్రీలలిత అంది. లేదంటే పేరు జాబితాలోంచి పోతుంది. శుక్రవారం సాయంత్రం నాలుగింటికి ఢిల్లీ వాళ్ళతో వీడియోలో మాట్లాడాలి. ఊరి తరఫున తయారీ పద్ధతి కాగితం మీద వేలిముద్ర వేసింది అసిరమ్మ కాబట్టి, చెప్పాల్సిందీ ఆవిడే.

అది బుధవారం మధ్యాహ్నం. అప్పట్నుంచీ అసిరమ్మ ఒకచోట నిలబడలేదు, ఒకచోట కూర్చోలేదు.

*

అసలు ఆ మూల సంగతి అసిరమ్మకి తెలిసినంత ఇంకెవరికీ తెలీదు.

ఆవిడ శ్రీకూర్మం దగ్గరి పిల్ల. పదిహేడో ఏట నాగళ్ళవలస కోడలిగా వచ్చేదాకా తాండ్ర తినడమే గానీ పోయడం ఎరగదు. రామతీర్థం కొండ కనిపించే ఈ ఊళ్ళో ఎండాకాలం వస్తే ప్రతి ఇంటి ముందూ నడుమెత్తు పందిరి లేస్తుంది. దాని మీద తాటాకు చాపలు. నాటు మామిడి రసం బెల్లంతో కలిపి, బట్టలో వడగట్టి, రోజుకో పూత చొప్పున పోస్తారు. నిన్నటి పూత ఆరాకే ఇవాళ్టి పూత. అలా ఇరవై, ఇరవై రెండు రోజులు. చివరికి చాప మీద బొటనవేలంత మందాన తాండ్ర తేరుతుంది.

కొత్త కోడలికి రసం చెంబు ఇస్తుందనుకుంటే, అత్త చాకు ఇచ్చింది. సాయంత్రం పూత ఆరగానే చాప ఈశాన్యం మూల బెత్తెడు ముక్క కోసి, పందిరి కాళ్ళ మొదట పెట్టమంది. అది చీమల వాటా. అత్త చెప్పిన మాట అసిరమ్మకి ఇప్పటికీ ఆ గొంతుతోనే వినిపిస్తుంది. “ముందు ఆటికి ఎట్టీ. కింద కడుపు నిండితే పైకెందుకెక్కుతాయి?” మర్నాడు పూత పోసేటప్పుడు ఆ మూల కూడా నింపుతారు. సాయంత్రం మళ్ళీ కోస్తారు. చివరి రోజు తాండ్ర దించేటప్పటికి అది మూడు మూలలతోనే దిగుతుంది. ఊరి పెళ్ళిళ్ళకి వెళ్ళినా, సంతలో అమ్మినా అంతే. ఎవరూ ఎందుకని అడిగేవాళ్ళు కాదు.

ఇంకో పద్ధతి కూడా ఉంది ఆ ఊళ్ళో. తాండ్ర ఎప్పుడు దించాలో ఎవరికి వాళ్ళు నిర్ణయించుకోరు. పెద్దామె ఒకరు వచ్చి బొటనవేలితో నొక్కి చూసి “దించండి” అనాలి. అప్పుడే దించుతారు. అత్త పోయాక ఆ మాట అసిరమ్మది అయింది. పదిహేనేళ్ళుగా నలభై ఇళ్ళ తాండ్ర ఆవిడ వేలి కింద నుంచే వెళ్ళింది. ఒక్క చాప పచ్చిగా దిగలేదు, ఒక్క చాప మాడలేదు.

అబద్ధం ఐదేళ్ళ కిందట వచ్చింది. పేరు నమోదు చేయించడానికి తయారీ పద్ధతి రాసుకోవాలని తెల్ల చొక్కా ఆయనొకడు వచ్చాడు. పందిరి కింద చీమల బారు చూశాడు. బూటు ఒకటి పైకెత్తాడు, ముక్కుకి రుమాలు అడ్డం పెట్టుకున్నాడు, చీమలు పడతాయా అమ్మా ఇందులో అన్నాడు. ఆ రుమాలు చూసేసరికి అసిరమ్మ మొహం మాడిపోయింది. చాకు నడుము దగ్గర చీరలో దోపేసింది. తన పందిట్లో చీమన్నదే ఉండదని, ఎందుకో ఇవాళే కనిపించాయని, తాండ్ర నాలుగు మూలలూ నిండుగా ఉంటుందని గబగబా చెప్పేసింది. ఆయన అదే రాసుకున్నాడు. ఆవిడ వేలు వేసింది.

ఎవరూ చెప్పమనలేదు. భయపెట్టలేదు. ఒక్క రుమాలుకి అంత పని చేసేసింది.

ఆ తరవాత ఊరి తాండ్ర సంఘం కార్యదర్శి నరసింగరావు దాన్ని పట్టుకుని ఎక్కడికో తీసుకెళ్ళిపోయాడు. విజయనగరంలో దుకాణం ఉన్నవాడు, పై దేశాలకి సరుకు పంపేవాడు, ఊరందరికీ ఏదో ఒక వరసవాడు. “చీమ కూడా తాకని తాండ్ర” అని బ్యానర్లు వేయించాడు. పందిరి కాళ్ళ చుట్టూ చీమల సుద్ద గీయించాడు, కాళ్ళ కింద నీళ్ళ పళ్ళేలు పెట్టించాడు. ఊరి ఆడవాళ్ళు చాకులు లోపల పెట్టేశారు. కొత్తగా కాపురానికి వచ్చిన కోడళ్ళకి మూల సంగతే తెలీదు.

*

గురువారం పొద్దున్న అసిరమ్మ ఎప్పుడూ చేయని పని చేసింది. వెంకటలక్ష్మి వచ్చి మూడో చాప చూడమంటే, ఆలోచన ఎక్కడో పెట్టుకుని వేలితో ఊరికే అలా తాకి దించమనేసింది. దించబోతే తాండ్ర మధ్యకి చీరుకుపోయింది. లోపల రెండు పూతలు పచ్చిగా, మెత్తగా ఉన్నాయి. చుట్టూ నలుగురైదుగురు ఆడవాళ్ళు నిలబడిపోయారు.

జూట్ మిల్లులో పనిచేసి రిటైరైన మొగుడు అప్పలనరసింహం గుమ్మంలో కూర్చుని అంతా చూస్తున్నాడు. నిన్నట్నుంచీ కాలుగాలిన పిల్లిలా తిరుగుతున్నావు, అన్నం కూడా నిలబడే తిన్నావు, ఏమిటి సంగతి అని అడిగాడు. ఆవిడ చీర మార్చుకుని, నెల్లిమర్ల దాకా ఆటో, అక్కణ్ణుంచి బస్సు పట్టుకుని విజయనగరం వెళ్ళిపోయింది.

నరసింగరావు దుకాణంలో ఫ్యాను కింద కూర్చుని ప్యాకెట్ల మీద లేబుళ్ళు చూసుకుంటున్నాడు. భోగాపురం నుంచి విమానాలు పూర్తిగా నడిస్తే తాండ్ర తిన్నగా పరాయి దేశాల్లో దిగుతుందని ఏడాదిగా వచ్చినవాళ్ళకల్లా చెబుతున్నాడు. అసిరమ్మకీ అదే మొదలుపెట్టబోయాడు. ఆవిడ మధ్యలోనే ఆపి, మూల సంగతి చెప్పేస్తానంది.

నరసింగరావు లేబుళ్ళు పక్కన పెట్టాడు.

“ఒసే అసిరీ, ఎండదెబ్బ గానీ తగిలినాదేటే? ఢిల్లీ ఓళ్ళ ముందర సీమలు మేపినాం అని సెప్తావా? ఆళ్ళ తిండిలో ఎంటిక కనబడితే కోర్టుకెళ్ళే దేశాలవి.”

“మూల మనదే గదా బావా. ఆ డబ్బా మీదున్నది మన మూలే.”

“మనదే. నాను కాదన్నానా? మా అమ్మా కోసినాది, నీ అత్తా కోసినాది. గానీ కాయితం మీద ఏలెవలిది? నీది. నానబద్దమాడినానని నీ నోటితోటి అన్నావనుకో, రేపు ఊళ్ళోన నువ్వు దించమంటే ఎవలు దించుతారే?”

రెండు రోజులుగా ఆవిడని కూర్చోనివ్వనిది అదే. పొద్దున్న చిరిగిన చాప సంగతి నరసింగరావుకి ఇంకా తెలీదు. తెలిస్తే ఇంకేమనేవాడో.

తిరిగి వస్తున్నప్పుడు బస్సులో ఆవిడ చేతిలో ఆ దీవి తాండ్ర ముక్క ఉంది. శ్రీలలిత ఇచ్చి వెళ్ళింది. తెగిన అంచు మీద బొటనవేలు అటూ ఇటూ రాస్తూ కూర్చుంది. గాజులాంటి నునుపు. ఇది చాకు కోసింది కాదు, మిషను కోసింది. నోట్లో వేసుకుంటే పంచదార, ఏదో పులుపు, మామిడి ఎక్కడో అడుగున. రుచి ఏమీ బాగాలేదు. కానీ తీసేసిన మూల మాత్రం, చాపకి బెత్తెడు ఎంత వాటానో ఈ చిన్న ముక్కకీ సరిగ్గా అంతే వాటా ఉంది. ఎవరో ఒక ఆడమనిషి ఓడ దిగి, ఊరు కాని ఊళ్ళో చాప పరుచుకుని, ముందు చీమలకి పెట్టింది. ఆమె సిగ్గుపడలేదు.

నెల్లిమర్లలో దిగడం మరిచిపోయి, తరవాతి స్టాపులో దిగి వెనక్కి నడిచింది అసిరమ్మ.

*

శుక్రవారం పన్నెండింటికి అటక మీదికి నిచ్చెన వేసింది. వెంకటలక్ష్మి వచ్చి నిచ్చెన పట్టుకుంది. పైనుంచి దుమ్ము రాలుతుంటే కళ్ళు మూసుకుని, అప్పుడు అంది.

“నాను బుదారమే సూసినాను అక్కా, నీ మొకం. తెల్దన్నావు గదా, అప్పుడే తెలిసిపోనాది.”

“మరి అడగలేదేటే?”

“నువ్వు సెప్పినప్పుడే ఇందామని.”

అత్త నాటి చాపలు ఆరు, చుట్టి తాడు కట్టి ఉన్నాయి. తాటాకు నల్లబడిపోయింది, మామిడి జిగురు పట్టి తోలులా గట్టిపడింది. అరుగు మీద ఒక్కొక్కటీ విప్పారు. అసిరమ్మ వెతుకుతున్నది మొదటి చాపలోనే కనిపించింది. మూడు మూలలు నున్నగా ఉన్నాయి. నాలుగో మూల మీద అడ్డంగా చాకు గాట్లు. ఒకదాని మీద ఒకటి, వందలు, కొన్నిచోట్ల ఆకు అవతలి దాకా తెగిపోయి. ముప్ఫై ఎండాకాలాల సాయంత్రాలు ఆ బెత్తెడు జాగాలో పడి ఉన్నాయి. ఆరు చాపలకీ అదే మూల.

వెంకటలక్ష్మి వేలితో ఆ గాట్లు తడిమి, ఇవి కొన్ని నావి అంది. అసిరమ్మకి నవ్వొచ్చింది. మూడు రోజుల్లో అదే మొదటిసారి.

నాలుగింటికి సంఘం గదిలో శ్రీలలిత లాప్‌టాప్ తెరిచింది. తెరలో ముగ్గురు కనిపించారు, ఇద్దరు మగవాళ్ళు, ఒక ఆడమనిషి. ఊరి ఆడవాళ్ళు గోడకానుకుని నిలబడ్డారు. నరసింగరావు కూడా వచ్చాడు. లోపలికి రాలేదు, గుమ్మంలో నిలబడి ఫోను చూసుకుంటున్నట్టు ఉన్నాడు. శ్రీలలిత ముందుగా ఏదో చెప్పి, అసిరమ్మ వైపు తిరిగి, మొదలుపెట్టమంది.

అసిరమ్మ లేచి నిలబడింది. కూర్చునే చెప్పవచ్చన్నారు గానీ ఆవిడ వల్ల కాలేదు. చాప తెర ముందు పెట్టి, గాట్లు చూపించి, చీమల వాటా గురించి మొదట్నుంచీ చెప్పింది. అత్త చాకు ఇవ్వడం దగ్గర్నుంచి చెప్పింది. శ్రీలలిత దాన్ని ఇంగ్లీషులో చెప్పుకుంటూ పోయింది. అవతల కళ్ళజోడు పెట్టుకున్నాయన అంతా విని, ఒక్కటే అడిగాడట. మరి అయిదేళ్ళ కిందట మీరు ఇచ్చిన కాగితంలో మూలలు నాలుగూ ఉంటాయని ఎందుకుంది?

గుమ్మంలో నరసింగరావు ఫోను దించాడు.

“అబద్దమాడినాను బాబూ,” అంది అసిరమ్మ. “ఎవలూ ఆడమన్లేదు. వొచ్చినాయన ముక్కుకి గుడ్డెట్టుకున్నాడు. నాకు సిగ్గేసినాది. మా అత్త అరవయ్యేళ్ళు సేసిన పనికి నాను ఒక్క రోజులో సిగ్గుపడిపోనాను. సీమలున్నాయి. ఉంటాయి. ఎండలోన తీపి ఎడితే సీమ రాకుండా ఉంటాదా? ఆటికి ముందరెట్టి, తరవాత మాం తింటాం. ఆ దీవిలో ఓళ్ళు అదే సేస్తన్నారు. మమ్మల్ని సూసే నేర్సుకున్నారు. ఏలేసినోళ్ళే తప్పుకి ఒప్పుకోవాలి గదా, అందుకే సెప్తన్నాను.”

శ్రీలలిత మొత్తం అనువాదం చేసింది.

కళ్ళజోడాయన పక్కవాళ్ళతో మాట్లాడుకున్నాడు. ఆడమనిషి చాపని ఇంకా దగ్గరగా చూపించమంది. తరవాత తెర ఆగిపోయింది.

*

జవాబు అప్పటికప్పుడు రాలేదు. శ్రీలలిత చెప్పినదేమిటంటే, పాత కాగితం ఇక చెల్లదు. కొత్తది రాయాలి, అందులో మూల సంగతి, చీమల సంగతి రెండూ ఉండాలి. చాపల్లో ఒకటి ఢిల్లీ పంపాలి, అక్కడ అది ఎంత పాతదో పరీక్ష చేస్తారు. దీవి వాళ్ళు ఏమంటారో ఇంకా చూడాలి. ఇంకొకటి కూడా ఉంది, అది చెప్పడానికి శ్రీలలిత ప్యాకెట్టు సంచిలో సర్దుతూ తల దించుకుంది. కొత్త కాగితం మీద అసిరమ్మ వేలు వేయడానికి లేదు. ఒకసారి తప్పు చెప్పానని ఒప్పుకున్న మనిషి సంతకం నిలవదు. వేరెవరైనా వేయాలి.

వెంకటలక్ష్మి వేస్తుందని ఆడవాళ్ళే అన్నారు. వెంకటలక్ష్మి తన వేలి వైపు చూసుకుంది.

అసిరమ్మ తన మనసులో ఉన్నది అడిగింది. “ఆ దీవోళ్ళకి ఎందుకు కోస్తన్నారో తెల్సునా అమ్మా?”

“తెలీదమ్మా. అద్దాల గదుల్లో మిషన్ల మీద ఆరబెడతారట. చీమ దూరే సందే లేదు. మరి మూల ఎందుకు అంటే, మొదట్నుంచీ అంతే అని రాశారు.”

“మన్ది అని తేలితే ఆళ్ళు మానీయాలా?”

“ముందు తేలనివ్వండి. పేరు పెట్టుకోవాలంటే అప్పుడు మిమ్మల్నే అడగాలి వాళ్ళు.”

అసిరమ్మకి ఇది ఇంకో గుబులు. అడిగితే ఏం చెప్పాలి? పెట్టుకోమనాలా, ఒద్దనాలా? అడిగేది తననా, వెంకటలక్ష్మినా? శ్రీలలిత కారు ఎక్కి వెళ్ళిపోయాక కూడా ఆవిడ రోడ్డు మీదే నిలబడి ఉంది.

నరసింగరావు మోటారు సైకిలు తీస్తూ ఆవిడ పక్కన ఆగాడు. బ్యానర్లన్నీ మార్పించాలి అన్నాడు. కోపంగా అన్నాడో, లెక్క వేసుకుంటూ అన్నాడో అసిరమ్మకి తెలియలేదు. అలాగే వెళ్ళిపోయాడు.

ఇంటికి వచ్చి చాకు వెతికింది. ఐదేళ్ళుగా అది కొబ్బరి కోయడానికి పనికొస్తోంది. కడిగి, పందిరి మీద ఆరుతున్న ఏడో చాప దగ్గరికి వెళ్ళి, ఈశాన్యం మూల బెత్తెడు ముక్క కోసింది. చేయి దానంతటదే కోసింది, కొలత మరిచిపోలేదు. ముక్కని పందిరి కాలు మొదట పెట్టి, వంగి చూసింది. తెల్లగా సుద్ద గీత. దాని లోపల నీళ్ళ పళ్ళెం. పళ్ళెం తీసేసింది. తడి గుడ్డతో సుద్దంతా తుడిచింది. మొండి సుద్ద, రెండుసార్లు తుడిస్తే గానీ పోలేదు. అప్పుడు గొంతుక్కూర్చుంది.

ఏదీ రాలేదు. కాసేపు చూసింది. లేచి, పందిరి చుట్టూ ఒకసారి తిరిగి, మళ్ళీ వచ్చి కూర్చుంది. ఢిల్లీ కబురు వస్తుందేమోనని ఒళ్ళో ఫోను పెట్టుకుంది, అదీ మోగలేదు.

వెంకటలక్ష్మి వెనక నుంచి వచ్చి నిలబడింది. చేతులు కడుక్కుని వచ్చింది, నీళ్ళు కారుతున్నాయి.

“అక్కా, ఏడో సాప దించీమంటావా?”

అసిరమ్మ వెనక్కి తిరిగి చూసింది. నన్నా అడుగుతున్నావు అన్నట్టు చూసింది. వెంకటలక్ష్మి మొహంలో వెటకారం ఏమీ లేదు, నిజంగానే అడుగుతోంది, జవాబు కోసం నిలబడి ఉంది. అసిరమ్మ లేచి చాప మీద బొటనవేలు పెట్టింది. నిన్న ఊరికే తాకి వదిలేసింది. ఇవాళ నొక్కి పట్టింది, అంచున, మధ్యలో, మళ్ళీ అంచున. ఎంతసేపు పట్టిందంటే వెంకటలక్ష్మి చేతులు ఆరిపోయాయి.

“రేపు,” అంది చివరికి. “రేపు మజ్జానం దాకా ఉండనీ.”

వెంకటలక్ష్మి సరేనని వెళ్ళిపోయింది. అసిరమ్మ మళ్ళీ కింద చూసింది. ఒక్క చీమ వచ్చింది. ముక్క చుట్టూ ఒకసారి తిరిగి, అంచు ఎక్కి, దిగి, వచ్చిన దారినే గబగబా వెనక్కి పోయింది. మిగతావాటికి కబురు చెప్పడానికి పోయిందో, నమ్మక పోయిందో. అసిరమ్మ ఫోను పందిరి మీద పెట్టేసి, అది పోయిన వైపే చూస్తూ కూర్చుంది.